బ్రామ్ చూసిన స్పెయిన్

దక్షిణ యూరప్ సంస్కృతిని లోతుగా అధ్యయనం చేసే నిమిత్తం మేము జరిపిన ఈ ఏటి శీతాకాల పర్యటన, గతంలోని అన్ని పర్యటనల మాదిరిగానే, దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఎవరికీ వడదెబ్బ తగల్లేదు. ఏ కారవాన్‌కూ గీత పడలేదు. స్పెయిన్ దేశస్థులతో ఎలాంటి పరిచయమూ ఏర్పడలేదు. ఈ చివరి అంశంలో మాత్రం ఒక కుక్క కారణంగా స్వల్పమైన లోపం జరిగింది. దాన్ని వివరించవలసిన బాధ్యత మా పర్యాటకుల సంఘం కార్యదర్శిగా నా మీద పడింది.

మాది నెదర్లాండ్స్. నేల సముద్రం కంటే పల్లంగా, మబ్బు నెత్తికి తగిలేంత కిందికి ఉండే దేశం. అక్టోబరు వానలు మొదలవగానే, పదవీ విరమణ చేసిన పెద్దలు కారు వెనక కారవాన్ అనే చక్రాల ఇల్లు తగిలించుకుని దక్షిణానికి బయలుదేరడం మాలో ఆచారం. కొత్త దేశం చూడబోతున్నామన్న ఉత్సాహంలో వెంట తీసుకువెళ్లేవి చాలా తక్కువ. రెండు బస్తాల బంగాళదుంపలు, ఎందుకంటే స్పెయిన్ దుంప మేము మెదిపినట్టు మెదగదు. ఏడాదికి సరిపడా కాఫీ పొడి, ఎందుకంటే వాళ్ల కాఫీ తాగితే మనిషి మెలకువగా ఉంటాడు. బండి చక్రమంత చీజు, వేరుశనగ వెన్న, రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు, ఉప్పు పట్టించిన అతిమధురం బిళ్లలు, టాయిలెట్ కాగితం. ఇవన్నీ సర్దాక ఇంకా చోటు మిగిలితే బట్టలు.

దారిలో ఫ్రాన్స్ వస్తుంది. ఫ్రాన్స్‌ను మేము ఎంత శ్రద్ధగా పరిశీలించామంటే, అక్కడి పెట్రోలు బంకుల్లో ఏ బంకు మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. కోటలు, ద్రాక్షతోటలు, కొండలు కిటికీ అవతల పోతూనే ఉంటాయి. దూరపు కొండలు నునుపంటారు. మేము దగ్గరికి వెళ్లి చూసిన పాపాన పోలేదు కాబట్టి అవి ఈనాటికీ నునుపుగానే ఉన్నాయి. మొదట్లో ఒక ఏడు ఇటలీ వెళ్లాం. అక్కడ మా పక్క ఊరివాళ్లు కలిశారు. మరొక ఏడు పోర్చుగల్ వెళ్లాం. అక్కడ మా ఊరివాళ్లే కలిశారు. చివరికి స్పెయిన్‌లో స్థిరపడ్డాం, ఎందుకంటే ఇక్కడ రెండు ఊళ్లవాళ్లూ ఉన్నారు.

మా విడిది తూర్పు తీరంలో, నారింజ తోటల నడుమ ఉంది. చుట్టూ మనిషెత్తు కంచె. లోపలి వీధులకు మా జిల్లాల పేర్లు. కారవాన్ల కిటికీలకు తెరలు దించం, దాచుకోవలసింది మా దగ్గర ఏమీ లేదని లోకానికి తెలియాలి. అలాగని ఎవరూ లోపలికి చూడరు, చూడడం మర్యాద కాదు. కొత్తగా వచ్చినవాడు కారవాన్‌ను వెనక్కి నడిపి తన చోట్లో నిలబెట్టే ఘట్టం మాకు స్పెయిన్‌లో లభించే అత్యుత్తమ వినోదం. అందరం కుర్చీలు బయట వేసుకుంటాం. భార్య వెనక నిలబడి రెండు చేతులూ ఊపుతుంది. భర్త అద్దంలో ఆమెను తప్ప అన్నిటినీ చూస్తాడు. సాయానికి మాత్రం ఎవరూ లేవరు. స్వయంకృషిని గౌరవించే జాతి మాది.

మంగళవారాల్లో నేను స్పానిష్ తరగతి నడుపుతాను. ఉద్యోగంలో ఉండగా బడిలో భాషలు చెప్పినవాణ్ణి కాబట్టి అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు. తరగతికి మొదటి ఏడాది నుంచీ మానకుండా వస్తున్నవాళ్లున్నారు. రైల్వే స్టేషన్‌కు దారి ఎటు అని అందరూ చక్కగా అడగగలరు. జవాబు వినవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

ఇక మా దినచర్య. పదిన్నరకు కాఫీ, కాఫీతో ఒక బిస్కెట్టు. బిస్కెట్టు తీసుకున్నాక డబ్బా మూత పడుతుంది. పన్నెండున్నరకు రొట్టె, చీజు, ఫోర్కుతో చాకుతో. సాయంత్రం ఆరింటికి వేడి భోజనం. ఆ ఆరు గంటల భోజనం ఒక నియమం కాదు, ప్రకృతి ధర్మం. ఆ వేళ గుమ్మంలోకి ఎవరైనా వస్తే తలెత్తి చూడకూడదు. చూస్తే పలకరించాలి. పలకరిస్తే కూర్చోమనాలి. కూర్చోమంటే దుంపలు చాలవు, ఎందుకంటే వాటిని తలకు ఇన్నని లెక్కపెట్టి ఉడికించాం. కాబట్టి కంచంలోకి చూస్తూనే, తర్వాత రమ్మని చేత్తో సైగ చేస్తాం. ఇందులో ఎవరికీ అవమానం లేదు. వచ్చినవాడూ మావాడే కాబట్టి వేళగాని వేళ వచ్చినందుకు తనే సిగ్గుపడి వెళ్లిపోతాడు.

మా పక్క చోటు వీబె హోకెమా, ఆయన భార్య హిల్కె, వాళ్ల కుక్క బ్రామ్‌లది. వీబె జీవితమంతా కరకట్టల శాఖలో నీటి మట్టాలు కొలిచాడు. రసమట్టం జేబులో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని కుర్చీ మీద పెట్టి, లోపలి బుడగ నడిమికి వచ్చిందని తేలాకే కూర్చుంటాడు. ఈ ప్రపంచం మట్టంగా లేదన్నది ఆయనకున్న ఒకే ఒక దిగులు.

భార్యాభర్తల మధ్య పోట్లాట లేదు. మాటలూ లేవు. ఎప్పుడు ఆగిపోయాయో వాళ్లకే గుర్తులేదు. ఉన్న కాసిన్ని మాటలూ బ్రామ్ ద్వారా నడిచేవి.

"బ్రామ్, మీ నాన్నను ఆ ఉప్పు ఇలా అందించమను."

"బ్రామ్, ఉప్పు ఎక్కువైతే రక్తపోటొస్తుందని మీ అమ్మతో చెప్పు."

"రక్తపోటు ఉప్పు వల్ల కాదు, కొందరు మనుషుల వల్ల వస్తుందని చెప్పు బ్రామ్."

తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న ఆ చిన్న కుక్క ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పి, ఇద్దరికీ సమానంగా తోక ఊపేది. అంతటి నిష్పక్షపాతి అయిన మధ్యవర్తిని నేను ఏ కోర్టులోనూ చూడలేదు. ఆ హోదాకు తగ్గట్టే దానికి సొంత పాస్‌పోర్టు, సొంత బీమా, కారులో సొంత సీటు బెల్టు, వానకోటు, సొంతంగా ఒక మడత కుర్చీ ఉండేవి. హిల్కె ఆ కుర్చీని పొద్దున్నే వేసి దాని మీద నీలం తువ్వాలు పరిచేది.

మధ్యాహ్నం రొట్టె వేళ దాటాక బ్రామ్ ఎవరికీ కనిపించేది కాదు. విడిదిలో మధ్యాహ్నాలు నిశ్శబ్దం పాటించాలన్న నిబంధనను గౌరవిస్తూ కారవాన్ కింద పడుకుంటోందని అందరం నమ్మాం. సంఘం అధ్యక్షుడు హర్మెన్ స్లాట్ ఒక సభలో దాన్ని ఆదర్శ సభ్యుడిగా ప్రశంసించాడు కూడా. అయితే అది రోజురోజుకీ లావెక్కసాగింది. హిల్కె తిండి తగ్గించింది. అది ఇంకా లావెక్కింది. స్వదేశం నుంచి తెచ్చిన, బరువు తగ్గించే గుళికలు కొలిచి పెట్టింది. బ్రామ్ వాటి వైపు చూసి మర్యాదగా ఆవలించేది. ఆవలించినప్పుడల్లా వెల్లుల్లి వాసన వచ్చేది. ఇక్కడి గాలే అంత అని వీబె తేల్చేశాడు.

ఇలా ఉండగా ఫిబ్రవరిలో మా సంఘం ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. కంచె మూలన, బట్టలుతికే గది వెనక ఒక కన్నం బయటపడింది. దాని మీద హర్మెన్ స్లాట్ చేసిన ప్రసంగం మా దస్త్రాల్లో భద్రంగా ఉంది.

"మిత్రులారా, మనం ఇంత దూరం వచ్చింది స్పెయిన్‌ను ప్రేమించడానికి. అయితే ప్రేమకైనా ఒక హద్దుండాలి. ఈ కన్నంలోంచి ఇవాళ ఒక పిల్లి వస్తుంది. రేపు పిల్లిని వెతుక్కుంటూ పిల్లిగలాయన వస్తాడు. ఎల్లుండి ఆయన కాఫీ అడుగుతాడు. అప్పుడు మన బిస్కెట్ల గతేమిటి? ఈ విషయం భావితరాల దృష్టితో ఆలోచించమని కోరుతున్నాను."

భావితరాలెవరూ అక్కడ లేకపోయినా అందరం చప్పట్లు కొట్టాం. గురువారం మధ్యాహ్నం కన్నానికి ఇనుప వల బిగించారు. వీబె స్వయంగా రసమట్టం పెట్టి, వల వెంట్రుకవాసి కూడా ఒరగకుండా నిలబెట్టాడు. ఆ పనితనం చూసి తీరవలసిందే.

ఆ సాయంత్రం బ్రామ్ కనిపించలేదు.

హిల్కె వీధి వీధీ తిరిగి పిలిచింది. ప్రతి కారవాన్ కిందా వంగి చూసింది. మోకాళ్లకు మట్టి, కళ్లనిండా నీళ్లు. మేమందరం బాధ్యతగా స్పందించాం. బట్టలుతికే గది గోడకు మా భాషలో ఒక ప్రకటన అంటించాం. గాలింపు విడిది లోపలికే పరిమితం చేయాలని హర్మెన్ ఆదేశించాడు.

"కుక్క బయటికి వెళ్లి ఉండదు. బయట ఏముందని వెళుతుంది?" అన్నాడు.

ఈ విపత్తులో వీబె చూపించిన నిగ్రహాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. కన్నబిడ్డలాంటి కుక్క పోయినా ఆయన ఆరింటికి భోజనానికి కూర్చున్నాడు. హిల్కె కూడా కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఆకుకూర వేసి మెదిపిన దుంప, పైన సాసేజి. విడిదంతా తలలు వంచుకుని తింటున్న ఆ వేళ వాళ్ల కారవాన్‌కు ఆనించి వేసిన భోజనాల గుడారం ముందుకు ఎవరో వచ్చారు. మా ఆవిడ సాసు అడిగినప్పుడు నా తల పొరపాటున పక్కకు తిరగబట్టి నల్లటోపీ, చేతిలో తాడు కనిపించాయి. తాడు అవతలి కొసన ఏముందో ఎవరం చూడలేదు. అందరం దుంపల వైపే చూస్తున్నాం. టోపీ మనిషి ఏదో అన్నాడు. గుడారం తెర సందులోంచి ఫోర్కుతో సహా వీబె చెయ్యి బయటికి వచ్చి, మర్యాదగా రోడ్డు వైపు చూపించింది. ఎక్కడో కుయ్యిమన్న చప్పుడైంది. మడత కుర్చీల కీళ్లకు నూనె వేయమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

ఆ తర్వాతి వారమంతా ఆ ఇంట మాట వినపడలేదు. కోపాలొచ్చి కాదు, మాట వెళ్లే దారి మూసుకుపోయి. చివరికి వీబె నా దగ్గరికి వచ్చాడు. హిల్కె చేతికందేంత దూరంలోనే నిలబడి ఉంది.

"మాస్టారూ, కారు టైరులో గాలి తగ్గిందని మా ఆవిడతో చెప్పండి."

చెప్పాను.

"గాలి తగ్గింది టైరులో కాదని ఆయనతో చెప్పండి మాస్టారూ."

అదీ చెప్పాను. వీబె వెళ్లి గ్యాసు సిలిండరు చూసి వచ్చాడు. ఇలా కొన్నాళ్లు బ్రామ్ పదవిని నేను నిర్వహించాను. ఆ పదవికి కావలసిన అర్హతలు నాకు లేవని తేలింది. బ్రామ్ రెండు వైపుల మాటా విని తోక ఊపి ఊరుకునేది. నేను అనువదించేవాణ్ణి, మధ్యలో సలహా కూడా ఇచ్చేవాణ్ణి. తల ప్రాణం తోకకొచ్చింది.

హిల్కె మాత్రం ఆ మడత కుర్చీని రోజూ పొద్దున వేసి, నీలం తువ్వాలు పరిచి, సాయంత్రం దులిపి మడిచేది. నేను చూడలేకపోయేవాణ్ణి. నివేదికలో రాయవలసిన మాట కాదు, అయినా రాస్తున్నాను.

మార్చి చివర్లో ఒక శనివారం ఆమె నన్ను పిలిచింది. సోమవారం తిరుగు ప్రయాణానికి వీబె అప్పటికే అన్నీ సర్దేశాడు.

"మాస్టారూ, ఆయనతో ఒక్క మాట చెప్పండి. సోమవారం బండి కదిలితే అందులో ఆయనొక్కడే ఉంటాడు. బ్రామ్ దొరికే దాకా నేను ఇక్కణ్ణుంచి కదలను. దొరక్కపోతే అసలు కదలను."

నేను వీబె వైపు తిరిగాను. చెప్పనవసరం లేకపోయింది, ఆయన పక్కనే ఉన్నాడు. వీబె కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రసమట్టం తీయలేదు. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. ఆయన అలాగే ఒరిగి కూర్చున్నాడు. అప్పుడు నాకు భయం వేసింది.

మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, హిల్కె గేటు దాటి నడిచి వెళ్లిపోయింది. నడిచి వెళ్లడమే వింత. అంతకంటే వింత, ఆమె ఎడమవైపు తిరిగింది. ఇన్నేళ్లలో గేటు దాటిన ప్రతి కారూ కుడివైపే తిరిగింది. కుడివైపు హైవే పక్కన సూపర్‌మార్కెట్టు ఉంది. ఎడమవైపు స్పెయిన్ ఉంది.

"ఆలోచించుకో హిల్కె," అని హర్మెన్ గేటు లోపలి నుంచే హెచ్చరించాడు. "అటు మనవాళ్లెవరూ లేరు."

"నా బ్రామ్ ఉండొచ్చు," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

వీబె, నేను కావలసిన ఏర్పాట్లు చేసుకుని వెంటపడ్డాం. మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, చేతికర్రలు, దారిలో తినడానికి రొట్టె. నారింజ తోట దాటి కాలువ గట్టెక్కితే ఊరు వచ్చేసింది. తెచ్చిన నీళ్లు గుక్కెడైనా ఖర్చు కాలేదు. ఇంత దగ్గర్లో ఒక ఊరుందన్న సంగతి మా విడిది కరపత్రంలో ఎక్కడా రాయలేదు.

వీధి మధ్యలోనే పొడవాటి బల్ల వేసి ఒక కుటుంబం భోంచేస్తోంది. వేళ మూడు కావస్తోంది, అంటే మా లెక్కన భోజనం ఎప్పుడో ముగిసింది, తర్వాతిది ఇంకా మొదలవలేదు. బల్ల మధ్యన బండి చక్రమంత పెనంలో అన్నం, కుందేలు మాంసం, నత్తలు. తలవైపు కుర్చీలో నల్లటోపీ ముసలాయన. ఆయన పక్క కుర్చీలో, మెడకు నాప్‌కిన్ కట్టుకుని, బ్రామ్.

హిల్కెను చూడగానే అది కుర్చీలోంచి దూకింది. అరవలేదు. ఆమె పాదాల మీద పడి, పొట్ట పైకి పెట్టి, ఒళ్లంతా వణికించింది. హిల్కె రోడ్డు మీదే కూలబడి దాన్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. వీబె పక్కకు తిరిగి, ఎదుటి గోడ నిలువుగా ఉందో లేదో చాలాసేపు పరిశీలించాడు.

ముసలాయన పేరు ఎవారిస్తో, ఆయన చెల్లెలి పేరు రెమేదియోస్. నేను ముందుకు వచ్చి, ఈ కుక్క మీ దగ్గరికి ఎలా వచ్చిందని స్పానిష్‌లో అడిగాను. నాకు జీవితంలో ఒక స్పెయిన్ మనిషి స్పానిష్‌లో జవాబు చెప్పడం అదే మొదటిసారి.

"కుక్కేంటి నాయనా, ఈయన మా ఊరి మేయరు," అన్నాడు ఎవారిస్తో. "రోజూ తనిఖీకొస్తాడు. ముందు బేకరీ, ఆ తర్వాత మందుల షాపు, ఆ తర్వాత పాదిరిగారి వంటిల్లు. మూడింటికల్లా మా బల్ల దగ్గర. అసలు మేయరు ఎన్నికలప్పుడే కనబడతాడు. ఈయన వానొచ్చినా మానడు. మూడు చలికాలాలుగా చూస్తున్నాం."

"మరి ఇన్నాళ్లూ మాకు చెప్పలేదేం?" అన్నాను.

"చెప్పడానికే వచ్చా కదా. ఆ గురువారం తిని వెళ్లినాయన వెంటనే తిరిగొచ్చాడు. ఏంటా అని వెళ్లి చూస్తే దారి మూసేశారు. సరేనని తాడు కట్టి నేనే మీ గేటులోంచి తీసుకొచ్చా. ఈయనే దారి చూపించి ఒక గుడ్డ ఇంటి ముందు ఆగాడు. లోపల్నుంచి ఒక చెయ్యొచ్చింది నాయనా. చేతిలో ఫోర్కు. పొమ్మంది. మొహం కూడా చూపించలేదు. ఇంకేం చేస్తాను? బాబూ, నిన్ను ఇంట్లోంచి గెంటేశారు, పద మనింటికి పోదాం అన్నా."

ఒక్క మాట వదలకుండా మా భాషలోకి మార్చి చెప్పాను. ఫోర్కు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గింది. వీబె తన కుడిచేతి వైపు చూసుకుని, దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"మాటలు తర్వాత. అన్నం చల్లారిపోతోంది, కూర్చోండి," అంది రెమేదియోస్, అప్పటికే మూడు కుర్చీలు లాగేసి.

మేము ఉలిక్కిపడ్డాం. భోజనం వేళ వచ్చి ఇబ్బంది పెట్టినందుకు క్షమించమనీ, భోజనాలయ్యాక మళ్లీ వస్తామనీ నేను విన్నవించాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"భోజనం వేళ కాకపోతే మనిషింటికి మనిషి ఇంకెప్పుడొస్తాడయ్యా?"

దీనికి జవాబు మా పాఠ్యపుస్తకంలో లేదు. మేము పన్నెండున్నరకే తిన్నామని చెప్పాను. అది ఫలహారం అంది. ముగ్గురికి సరిపోతుందా అని అడిగాను. ఆమె ప్రశ్న అర్థం కాలేదంది. మళ్లీ అడిగాను. ఆమెకు భాష అర్థమైందనీ, ప్రశ్నే అర్థం కాలేదనీ అప్పుడు గ్రహించి కూర్చున్నాను. హిల్కె కూడా కూర్చుంది. వీబె బల్ల మీద చెయ్యి వేయగానే బల్ల ఊగింది. ఆయన అలవాటు కొద్దీ రసమట్టం తీసి పెట్టి, కిందికి వంగి, ఒక సీసా బిరడా చెక్కి కాలి కింద దోపాడు. బల్ల కదలడం మానేసింది.

"మా నాన్న కాలం నుంచి ఊగుతోందిది," అని రెమేదియోస్ ఆయన రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

కంచాల్లో అన్నం పడింది. నత్తల విషయంలో మా ముగ్గురికీ కొన్ని సందేహాలున్నా, బ్రామ్ తిన్నది మేము తినలేమా అనిపించి తిన్నాం. కొంతసేపటికి హిల్కె అలవాటుగా అంది.

"బ్రామ్, మీ నాన్నను ఆ ఉప్పు అందించమను."

బ్రామ్ బల్ల కింద ఆమె చెప్పుల మీద తల పెట్టి గురక పెడుతోంది. కడుపు నిండింది, మనుషులు దొరికారు. ఇక దానికి ఏ ఉద్యోగమూ అక్కర్లేదు. ఆమె మళ్లీ పిలిచింది. అది లేవలేదు. ఆమె నా వైపు చూసింది. నేను నోటినిండా కుందేలు పెట్టుకుని ఉన్నాను, అది కావాలనే చేశాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు భాష తెలియకపోయినా ఏదో ఆగిందని తెలిసి వాళ్లూ ఆగారు.

"వీబె, ఆ ఉప్పు ఇలా ఇయ్యి," అంది హిల్కె.

ఆయన ఉప్పుగిన్నెను రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. ఇచ్చాక చేతులు వెనక్కి తీసుకోలేదు.

"ఆ వల బిగించింది నేనే. ఫోర్కు చూపించిందీ నేనే," అన్నాడు.

"తెలుసులే. నీ పక్కనే కూర్చున్నాగా. నేనూ కంచంలోంచి తలెత్తలేదు."

నాకు తెలిసినంతలో వాళ్లిద్దరూ నేరుగా అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. ఎవారిస్తో ఏమిటని అడిగాడు. ఉప్పు గురించి అని చెప్పాను.

సోమవారం బండి కదల్లేదు. నా నివేదిక విన్న సంఘం అత్యవసరంగా సమావేశమై రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, కంచెలో కన్నం తిరిగి తెరవాలి, అయితే అది కుక్కలకు మాత్రమేనని బోర్డు పెట్టాలి. రెండు, ఇరుదేశాల మైత్రికి గుర్తుగా ఎవారిస్తో, రెమేదియోస్‌లను శనివారం పదిన్నరకు కాఫీకి ఆహ్వానించాలి.

"మిత్రులారా," అన్నాడు హర్మెన్ గద్గద స్వరంతో, "మన కంచె ఎత్తయినదే కావచ్చు, మన హృదయం అంతకంటే ఎత్తయినది. వాళ్లకు చెరొక బిస్కెట్టు ఇస్తున్నాం. అవసరమైతే రెండో బిస్కెట్టు విషయం కూడా పరిశీలిస్తాం."

శనివారం పదిన్నరకు ఎవరూ రాలేదు. పన్నెండు దాటాక ఊరంతా వచ్చింది. బేకరీవాళ్లు, మందుల షాపావిడ, పాదిరిగారు, చంకన పిల్లలతో తల్లులు, ముందు బ్రామ్, వెనక నలుగురు మోస్తున్న పెనం. పిలవని పేరంటం అన్న మాట వాళ్ల భాషలో లేదు. హర్మెన్ డబ్బా మూత తీసి, పిలిచిన ఇద్దరికీ చెరొక బిస్కెట్టు ఇచ్చి, మిగతావాళ్ల వైపు చూసి, మూత పెట్టేశాడు. ఈలోగా పన్నెండున్నర అయింది. రొట్టె వేళ. ఏం చేయాలో మాకు పాలుపోలేదు. కాళ్లకు మాత్రం తెలుసు. ఒక్కొక్కరం ఎవరి గుడారంలోకి వాళ్లం వెళ్లిపోయాం. వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు గుడారాల జిప్పులు వరసగా పడిన ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఊరివాళ్లు ఏమీ అనుకోలేదు. వీధిలో బల్లలు కలిపి వడ్డించుకున్నారు. వీబె బల్లలన్నిటినీ రసమట్టంతో సరిచూశాడు. హిల్కె ఆయన్ని పేరు పెట్టి పిలుస్తూ పనులు పురమాయించింది, ఆయన పేరు పెట్టి పిలుస్తూ విసుక్కున్నాడు. బ్రామ్ ఎవరి మాటా మోయకుండా తన మడత కుర్చీలో కూర్చుని తింది.

నేను నా గుడారంలో రొట్టెను ఫోర్కుతో గుచ్చుతూ ఇదంతా వింటున్నాను. తెర అవతల అడుగుల చప్పుడైంది. "మాస్టారూ, తిన్నారా?" అంది రెమేదియోస్ గొంతు. నేను తలెత్తలేదు. నా చెయ్యి, నా ప్రమేయం లేకుండానే, ఫోర్కుతో సహా తెర సందులోంచి బయటికి వెళ్లి రోడ్డు వైపు చూపించింది. కాసేపటికి వెనక్కి తీసుకున్నాను. ఫోర్కుకు కుందేలు ముక్క గుచ్చి ఉంది.

తిన్నాను. జిప్పు మాత్రం తీయలేదు.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి. పరదేశం చూడడానికి బయలుదేరేటప్పుడు పెట్టె అడుగున, బట్టల మధ్య, మూతకు గుడ్డ కట్టి మీరు పట్టుకుపోయిన సీసా సంగతి నేనడగను. భోజనాల వేళ గుమ్మంలో అలికిడైతే టీవీ గొంతు తగ్గించి, ఊపిరి బిగబట్టి, పిల్లల నోటికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చునే ఇల్లు మీది కాదని కూడా నాకు నమ్మకమే. స్పెయిన్ గురించి ఇంకేమైనా తెలుసుకోవాలంటే ఎప్పుడైనా మా విడిదికి రండి, బ్రామ్‌ను అడిగి చెబుతాను. ఆరింటికి మాత్రం రాకండి.